కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్‌కు ముందు తెలియాల్సిన లెక్కలు, చట్టాలు: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా ఆఫీసు మెట్లెక్కేవాళ్లు రెండు రకాలు. పదిహేనేళ్లు మేస్త్రీగా చేసి, ఇంక సొంతంగా టెండరు వేద్దామనుకునేవాళ్లు ఒకరు. డిప్లొమానో బీటెక్కో చేతికొచ్చి, నాన్న పేరు మీదున్న ఇంటిని చూపించి సాల్వెన్సీ (ఆస్తి స్తోమత సర్టిఫికెట్) తెచ్చుకుందామనే పిల్లలు రెండోవాళ్లు. మొదటివాళ్లకు పని వచ్చు, కాగితం రాదు. రెండోవాళ్లు తమకు కాగితం వచ్చనుకుంటారు. ఇరవై రెండేళ్లు కాంట్రాక్టులు చేసి, ఇప్పుడు కాంట్రాక్టర్లకు కాగితాలు చేసిపెడుతున్న నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలివి. స్లాబు ఎట్లా వేయాలో ఇక్కడ ఉండదు. స్లాబు వేసినాక డబ్బు ఎందుకు రాలేదో ఉంటుంది.

లైసెన్సు లేకుండా ఇల్లు కట్టిస్తే తప్పా? మా మామ ముప్పై ఏళ్లుగా కట్టిస్తానే ఉన్నాడు.

యజమాని స్థలంలో మామూలు ఇల్లు కాంట్రాక్టుకు ఒప్పుకోవడానికి ఇంజినీరింగ్ శాఖల రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెట్టడానికి లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ కావాలి, ఆయన వేరు. కరెంటు పని ఒప్పుకుంటే ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు వేరుగా ఉంటుంది. అది లేనివాడితో వైరింగ్ చేయించకండి.

మనవాళ్లు లైసెన్సు అని పిలిచేది ప్రభుత్వ పనులకు చేయించుకునే రిజిస్ట్రేషన్‌ను. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి మూలం 2003 జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94. స్పెషల్ క్లాసు, దాని కింద 1 నుంచి 5 వరకు క్లాసులు. ఏ క్లాసువాడు ఎంత విలువైన పని దాకా టెండరు వేయవచ్చో హద్దులున్నాయి. ఆ జీవోకు తర్వాత చాలా సవరణలు వచ్చాయి కాబట్టి పాత జిరాక్సు పెట్టుకుని లెక్కలు వేయకండి. టెండరు నోటిఫికేషన్‌లో ఏముంటే అదే మీకు శాసనం.

కాలిఫోర్నియాలో ఉన్న మా బావ లైసెన్సు కోసం పరీక్ష రాస్తున్నాడంట. మనకూ ఉందా?

లేదు. అక్కడ కాంట్రాక్టరు లైసెన్సుకు నాలుగేళ్ల పని అనుభవం చూపించాలి, 25,000 డాలర్ల బాండు పెట్టాలి, పరీక్షలో రెండు పేపర్లు రాయాలి. ఒకటి పనికి సంబంధించింది. రెండోది చట్టం, వ్యాపారం: ఒప్పందం, పన్ను, కూలీల బీమా, లెక్కల పుస్తకం. మన దగ్గర ఆ రెండో పేపరు ముందుగా ఎవరూ పెట్టరు. మొదటి పార్ట్ బిల్లు వచ్చినప్పుడు అదే ముందుకొస్తుంది, ఫీజు మాత్రం మన జేబులోంచే పోతుంది. ఈ పేజీని ఆ రెండో పేపరుకు గైడు అనుకోండి.

ఏ క్లాసుకు పెట్టుకోవాలి? పెద్ద క్లాసు అయితే పెద్ద పనులు వస్తాయి కదా?

క్లాసు గేటు మాత్రమే. లోపల ఇంకో తలుపుంది, దాని పేరు బిడ్ కెపాసిటీ. సూత్రం 2ఏఎన్ మైనస్ బి. గత ఐదేళ్లలో ఏదైనా ఒక్క ఏడాది మీరు చేసిన ఎక్కువ పని విలువ ‘ఏ’. కొత్త పనికి ఇచ్చిన గడువు, సంవత్సరాల్లో, ‘ఎన్’. ఆ గడువులో ఇప్పటికే చేతిలో ఉన్న పనుల్లో పూర్తి చేయాల్సిన విలువ ‘బి’.

మీ మంచి ఏడాదిలో 80 లక్షల పని చేశారనుకోండి. కొత్త పనికి ఏడాది గడువు. చేతిలో 60 లక్షల పని మిగిలి ఉంది. 80ని రెండుతో హెచ్చిస్తే 160, అందులో 60 తీసేస్తే 100. అంటే కోటి దాకా అర్హత. అదే పనికి ఆరు నెలలే గడువు ఇచ్చి, ఆ 60 లక్షల పనీ ఆ ఆరు నెలల్లోనే అయిపోవాల్సి ఉంటే మీ కెపాసిటీ 20 లక్షలకు పడిపోతుంది. చేతిలో పనులు దాచి ‘బి’ తగ్గించి చూపించేవాళ్లున్నారు. అన్ని శాఖల టెండర్లూ ఒకే ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో కనిపిస్తున్న రోజుల్లో పక్క టెండరుదారే దాన్ని బయటపెడతాడు. తప్పుడు డిక్లరేషన్‌కు ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) పోతుంది, బ్లాక్‌లిస్టు కూడా పడుతుంది.

కాబట్టి మోయగలిగిన క్లాసు తీసుకోండి. రెండు మూడు పనులు సొంతంగా చేసి, వర్క్ డన్ సర్టిఫికెట్లు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సంతకంతో తెచ్చుకుని, అప్పుడు పైకి వెళ్లండి.

సొంత పేరు మీదా, ఫర్మ్ పెట్టాలా, కంపెనీనా?

ఒక్కడే అయితే ప్రొప్రైటరీ చాలు. కాకపోతే అప్పు వచ్చిందంటే అది ఇంటి గడప దాకా వస్తుంది.

ఇద్దరు కలిస్తే పార్ట్‌నర్‌షిప్. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఫర్మ్‌ను రిజిస్టరు చేయించి తీరాలని చెప్పదు. అందుకే చాలామంది స్టాంపు పేపరు మీద డీడ్ రాసుకుని వదిలేస్తారు. అదే చట్టం 69వ సెక్షన్‌లో మెలిక ఉంది. రిజిస్టరు కాని ఫర్మ్ ఒప్పందం మీద రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. బావమరుదులు ఇద్దరు కలిసి పెట్టిన ఫర్మ్ ఒకటి పన్నెండు లక్షల బాకీకి లాయరు దగ్గరికి పోయినప్పుడు మొదటిసారి ఈ సంగతి విన్నది. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌లో చేయించుకోండి, ఖర్చు పెద్దదేం కాదు.

ఎల్‌ఎల్‌పీ, ప్రైవేట్ లిమిటెడ్ అయితే బాధ్యత పెట్టుబడి వరకే అని పుస్తకాల్లో ఉంటుంది. బ్యాంకు మాత్రం డైరెక్టర్ల సొంత గ్యారంటీ అడుగుతుంది. ఏటా ఆడిటు, రిటర్నుల ఖర్చు అదనం. ఏడాదికి కోటి పని కూడా లేనివాళ్లు కంపెనీ పెడతామంటే నేను రెండుసార్లు ఆలోచించుకోమంటాను.

డీఎస్సీ ఎందుకు?

టీచర్ల డీఎస్సీ కాదు, డిజిటల్ సంతకం. పెన్‌డ్రైవ్‌లా ఉండే టోకెన్‌లో వస్తుంది. ఇప్పుడు క్లాస్ 3 మాత్రమే ఇస్తున్నారు. మనవాళ్లు చేసే తప్పేమిటంటే టోకెన్‌నూ, పాస్‌వర్డ్‌నూ నెట్ సెంటరు పిల్లాడికి ఇచ్చేసి ఊరికి పోవడం. దానితో పెట్టిన ప్రతి బిడ్డూ మీరు చేత్తో సంతకం పెట్టినట్టే లెక్క. 12 శాతం లెస్ (అంచనా విలువ కంటే తక్కువ) అనుకున్నది 21 అని పడినా ‘నేను కాదు’ అనడానికి లేదు.

ఎంత లెస్‌కు వేయవచ్చు? అందరూ లెస్ కొడుతుంటే మనం ఎట్లా నిలబడాల?

జీవో 94 పెట్టిన పద్ధతిలో అంచనా విలువ మీద 5 శాతం దాటి ఎక్సెస్ వేస్తే టెండరు తోసేస్తారు. కింద మాత్రం అడ్డుకట్ట లేదు, 25 శాతం లెస్ దాటితే డబ్బు కట్టాలంతే. 40 లక్షల పనికి 30 శాతం లెస్ వేశారనుకోండి, మీ కోట్ 28 లక్షలు. 40లో 75 శాతం అంటే 30 లక్షలు. తేడా 2 లక్షలు అదనపు సెక్యూరిటీగా డీడీనో బ్యాంకు గ్యారంటీనో పెట్టాలి. పని అయ్యేదాకా ఆ డబ్బు నిద్రపోతుంది.

లెస్ వేసేటప్పుడు చాలామంది ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) రేటుతో మార్కెట్ రేటును పోల్చి ఆగిపోతారు. జల్లీ ఎన్ని కిలోమీటర్ల నుంచి రావాలి, కమ్మీకి డీలరు ఎన్నాళ్ల అప్పు ఇస్తాడు, బిల్లు వచ్చేదాకా ఆ అప్పుకు వడ్డీ ఎంత, ఇవి కాగితం మీద వేయరు. నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పది లక్షలు ఎనిమిది నెలలు ఆగితే లక్షా అరవై వేలు. లాభం అనుకున్నది అందులోనే ఉంటుంది.

పది లక్షల బిల్లుకు చేతికి ఎంత వస్తుంది?

అందరూ చివర్లో అడిగే ప్రశ్న ఇది. టెండరు వేయకముందే అడగాల్సింది. మీరు వ్యక్తిగా రిజిస్టరైన కాంట్రాక్టరు, పని విలువ 10 లక్షలు, జీఎస్టీ 18 శాతం అంటే 1,80,000, ఎఫ్‌ఎస్‌డీ (బిల్లులోంచి పట్టి ఉంచే సెక్యూరిటీ డిపాజిట్) 7.5 శాతం పట్టే అగ్రిమెంటు అనుకుందాం.

ఆదాయపన్ను టీడీఎస్ (బిల్లులోనే ముందుగా పట్టుకునే పన్ను) 1 శాతం, 10,000. ఫర్మ్‌కో కంపెనీకో అయితే 2 శాతం. జీఎస్టీని బిల్లులో విడిగా చూపించినప్పుడు దాని మీద ఈ టీడీఎస్ పట్టకూడదు. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 20,000. ఇది రెండున్నర లక్షలు దాటిన ప్రభుత్వ కాంట్రాక్టులకు. లేబర్ సెస్ 1 శాతం, 10,000. ఎఫ్‌ఎస్‌డీ 75,000. మొత్తం 1,15,000 పోగా 10,65,000. దీనిలోంచి సీనరేజి (ఇసుక, రాయి లాంటి ఖనిజాల మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) కూడా పోతుంది. ఇసుక, జల్లీ, గ్రావెల్ కొన్నచోట పర్మిట్లు తెచ్చి బిల్లుకు జత చేయకపోతే ఆఫీసులో లెక్కకట్టి పట్టేస్తారు. ట్రాక్టరు డ్రైవరు జేబులో నలిగిపోయే ఆ చిన్న చీటీ మీ డబ్బే.

ఇక్కడితో అయిపోలేదు. మీకు వచ్చిన 1,80,000 జీఎస్టీ మీది కాదు. 6 లక్షల సామాను 18 శాతం జీఎస్టీ బిల్లుతో కొనుంటే 1,08,000 క్రెడిట్, అంటే కట్టాల్సిన జీఎస్టీలో తగ్గే మొత్తం, ఉంటుంది. మిగిలింది 72,000. టీడీఎస్‌లో పట్టిన 20,000 మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది, అయితే పోర్టల్‌లోకి వెళ్లి మీరు ఒప్పుకుంటేనే. అది పోగా ఇంకా 52,000 కట్టాలి. చేతిలో నికరంగా 10,13,000. సామాను బిల్లు లేకుండా కొనుంటే ఆ లక్షా ఎనిమిది వేలు కూడా మీ నెత్తినే. ‘బిల్లు లేకుండా అయితే బస్తాకు ఇరవై తగ్గిస్తా’ అనే దుకాణదారు మాట ప్రభుత్వ పని చేసేవాడికి ఎందుకు గిట్టుబాటు కాదో ఈ లెక్కే చెబుతుంది.

జీఎస్టీ రేటు మారుతూనే ఉంది, ఇప్పుడు ఎంత?

ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టుకు ఒకప్పుడు 12 శాతం, 2022 జులై 18 నుంచి 18 శాతం. సిమెంటు 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18కి దిగింది. పాత అగ్రిమెంట్ల మీద నడిచే పనుల్లో రేటు మారినప్పుడు తేడా ఎవరు భరించాలో అగ్రిమెంటులో రాసి ఉంటుంది. అది చదవకుండా ఆఫీసులో గొడవ పడి లాభం లేదు.

చిన్నవాళ్లకు రెండు వెసులుబాట్లున్నాయి. కిందటి ఏడాది టర్నోవర్ 50 లక్షల లోపున్న సేవలవాళ్లు కాంపొజిషన్‌లో (టర్నోవర్ మీద ఒకే రేటు కట్టే పద్ధతిలో) 6 శాతం కట్టుకోవచ్చు. కానీ యజమాని దగ్గర పన్ను వసూలు చేయకూడదు, క్రెడిట్ ఉండదు. రెండోది లేబర్ రేటుకే చేసేవాళ్లది. అపార్టుమెంటు కాకుండా విడిగా ఉండే ఒక్క ఇంటిని కొత్తగా కట్టడానికి సామాను లేకుండా కూలి మాత్రమే ఒప్పుకుంటే ఆ కూలి మీద జీఎస్టీ లేదు. చంద్రగిరిలోనో పూతలపట్టులోనో స్క్వేర్ ఫీట్ లేబర్ రేటు మీద ఇళ్లు కట్టే మేస్త్రీలకు ఇది వర్తిస్తుంది. అదే మనిషి సిమెంటూ కమ్మీ కూడా తానే వేసుకుంటే లెక్క మారిపోతుంది.

కూలోళ్లకు శనివారం నగదే ఇస్తాం. ఇన్‌కమ్ ట్యాక్సువాళ్లు ఒప్పుకుంటారా?

ఒక మనిషికి ఒక రోజులో నగదుగా 10,000 దాటితే ఆ ఖర్చును ఖర్చుగా ఒప్పుకోరు. మేస్త్రీకి లక్ష ఒకేసారి ఇచ్చి ‘పంచుకో’ అంటే కాగితం మీద అది ఒక్క మనిషికి ఇచ్చినట్టే. పేర్లతో మస్టరు రాయించి, ఒక్కొక్కరి సంతకం తీసుకోండి, లేదా ఫోన్‌పేలో వేయండి. అప్పుగా 20,000, ఆపైన నగదుగా తీసుకోవడం కూడా కుదరదు. చీటీ పాట డబ్బు అన్నా వినరు.

టర్నోవర్ 2 కోట్ల లోపుంటే, పుస్తకాలన్నీ రాయకుండా వసూళ్ల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం లాభం చూపించి పన్ను కట్టే పద్ధతి ఉంది. పాత చట్టంలో దాని నంబరు 44ఏడీ. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం వర్తిస్తుంది, నంబర్లు మారాయి, జనం నోట్లో మాత్రం పాతవే తిరుగుతున్నాయి.

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు చెప్పారని అదనపు పని చేశాం. ఇప్పుడు బిల్లులో లేదంటున్నారు.

ఈ ప్రశ్నకు జవాబు నా రెండో పనిలోనే నేర్చుకున్నాను. ఒక శాఖకు తరగతి గదులు కడుతున్నాం. పునాది నాలుగడుగులు తవ్వినా గట్టి నేల రాలేదు, నల్లమట్టి పారకు అంటుకుని ఊడి రావడం లేదు. ‘ఇంకో రెండడుగులు దింపు, తర్వాత చూసుకుందాం’ అన్నారు సారు. దింపినాం. కాంక్రీటు వేసి మట్టి కప్పేసిన నెలకు ఆయనకు బదిలీ. కొత్తగా వచ్చినాయన టేపు పట్టుకుని, డ్రాయింగులో ఉన్న నాలుగడుగులే ఎంబుక్కులో (కొలతల పుస్తకంలో) రాసినాడు. మిగతా రెండడుగులు భూమిలోనే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. నేను ఎవరినీ తప్పుపట్టలేకపోయాను. కనిపించనిదాన్ని ఆయన ఎట్లా రాస్తాడు?

ప్రభుత్వ ఒప్పందం రాతపూర్వకంగా, అధికారం ఉన్న మనిషి సంతకంతో, గవర్నరు పేరు మీద ఉండాలని రాజ్యాంగం 299వ అధికరణం చెబుతుంది. ఏఈ నోటిమాటకు ఆ బలం లేదు. అయితే చేతులెత్తేయాల్సిన పని కూడా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా చట్టబద్ధంగా చేసిన పనిని అవతలివాళ్లు అనుభవిస్తే దానికి ప్రతిఫలం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, బి.కె.మండల్ అండ్ సన్స్ కేసులో 1961లో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్ కింద, సరైన ఒప్పందం లేకుండా కట్టిన కట్టడాలకు డబ్బు ఇప్పించింది. కానీ ఆ పని జరిగిందని రుజువు చేయాల్సింది మీరు. రుజువు భూమిలో ఉంటే కోర్టు తవ్వి చూడదు.

అందుకని కప్పిపెట్టే ప్రతి పనికీ, అంటే పునాది, కమ్మీ కట్టడం, నేల కింద పైపులకు, కప్పకముందే కొలతలు ఎంబుక్కులో ఎక్కించమని అడగండి. ఎక్కించేలోపు టేపు కనిపించేలా, తేదీ పడేలా ఫోటో తీయండి. చెప్పిన రోజు సాయంత్రమే రెండు వాక్యాల లెటరు రాయండి: ‘ఈ రోజు సైటులో మీరు ఆదేశించిన ప్రకారం పునాది రెండడుగులు అదనంగా తవ్వుతున్నాం, దయచేసి కొలతలు నమోదు చేయించండి.’ ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి, ఈమెయిల్ కూడా పెట్టండి. సారుకు కోపమొస్తుందేమో అని భయపడతారు. మర్యాదగా రాస్తే చాలామందికి రాదు, పైవాళ్లకు చూపించుకోవడానికి వాళ్లకూ ఆ కాగితమే దిక్కు. అగ్రిమెంటులో లేని ఐటమ్ అయితే రేటు డేటా (రేటు ఎట్లా వచ్చిందో చూపే లెక్క) కట్టించి, సప్లిమెంటల్ అగ్రిమెంటు అయ్యాకే పెద్ద మొత్తంలో మొదలుపెట్టండి.

ఎంబుక్కులో ఏం రాశారో చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి.

గడువు దాటితే ఫైన్ వేస్తారా? ఆలస్యం మాది కాకపోయినా?

వేస్తారు, మీరు నోరు మూసుకుని ఉంటే. స్థలం ఆలస్యంగా అప్పగించారు, డ్రాయింగు రాలేదు, వానలకు స్వర్ణముఖి పొంగి సైటులోకి దారి లేదు. ఏదైనా సరే జరిగిన వారంలో లెటరు, గడువు అయిపోకముందే పొడిగింపు దరఖాస్తు. గడువు పోయాక పెట్టిన దరఖాస్తు బతిమాలుకోవడం కిందికి వస్తుంది. ఒప్పందంలో రాసిన జరిమానా మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, అందులో సమంజసమైనంతే ఇప్పించాలని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట కోర్టులో పనికొస్తుంది. బిల్లులో కోత పడేటప్పుడు మాత్రం మీ ఇన్‌వార్డు ముద్రలే పనికొస్తాయి.

కూలీల చట్టాలు మారాయంట. మాకేం వర్తిస్తుంది?

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత కనీస వేతనాల చట్టం, కాంట్రాక్టు లేబర్ చట్టం, భవన నిర్మాణ కార్మికుల చట్టం అన్నీ వాటిలో కలిసిపోయాయి. మనకు తగిలేవి ఇవి. రోజు కూలికి పని దిగేటప్పుడే డబ్బివ్వాలి, వారం కూలికి ఆ వారం చివరి పనిరోజున. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు. ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. బేల్దారుకు అపాయింట్‌మెంట్ లెటరా అని నవ్వుతారు, నేనూ నవ్వాను, కానీ రాసి ఉంది. 50 మంది, ఆపైన కాంట్రాక్టు కూలీలను పెట్టేవాడికి లైసెన్సు. పీఎఫ్‌కు 20 మంది గీత. ఇంతమంది మీ దగ్గర లేకపోయినా చాలా టెండర్లు పీఎఫ్ కోడ్ అడుగుతాయి.

ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్ల ఆధార్ నకలు, ఇంటి ఫోను నంబరు పెట్టుకోండి. ప్రమాదం జరిగిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో తెలియని సైట్లు చూశాను.

సెంట్రింగ్ మీది నుంచి ఒకడు పడ్డాడు. వాడు మా మేస్త్రీ మనిషి, మా మనిషి కాదు. మాకు సంబంధమా?

సంబంధమే. కింది మేస్త్రీ పెట్టుకున్నవాడైనా పరిహారం అసలు కాంట్రాక్టరు దగ్గర వసూలు చేయవచ్చు. తర్వాత మీరు ఆ మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి, ఆయన దగ్గర ఏముంటుంది గనక. చనిపోతే లెక్క ఇట్లా ఉంటుంది: నెల జీతంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చించాలి. 30 ఏళ్లవాడికి ఆ అంకె 207.98. నెలకు 15,000 లెక్కన తీసుకుంటే 15,59,850 రూపాయలు. డబ్ల్యూసీ (కూలీల ప్రమాద పరిహార బీమా) పాలసీకి కట్టే ప్రీమియాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పాలసీ తీసుకునేటప్పుడు పదిమంది ఉన్నచోట నలుగురే అని చెప్పి ప్రీమియం తగ్గించుకోకండి, క్లెయిము రోజు ఐదోవాడే పడతాడు.

పరిహారంతో పోయేది కాదు. నిర్లక్ష్యం వల్ల చావుకు భారతీయ న్యాయ సంహిత 106 కింద, కట్టడం పనుల్లో జాగ్రత్త తీసుకోకపోవడానికి 290 కింద పోలీసు కేసు ఉంటుంది.

ఒకాయన మా రిజిస్ట్రేషన్ వాడుకుని పని చేసుకుంటాను, రెండు శాతం ఇస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

వద్దు. 50 లక్షల పనికి రెండు శాతం అంటే లక్ష. ఆ లక్షకు మీరు అమ్ముకుంటున్నవి లెక్కపెట్టండి. బిల్లు మొత్తం మీ పాన్ మీద పడుతుంది, ఆదాయం మీదే అని నోటీసు వస్తుంది. 9 లక్షల జీఎస్టీ మీది. ఆయన కట్టని కూలి మీది. పని అయ్యాక డిఫెక్ట్ లయబిలిటీ కాలమంతా పెచ్చు ఊడినా గోడ చెమ్మెక్కినా నోటీసు మీ ఇంటికే. బ్లాక్‌లిస్టు కూడా మీ పేరే. సబ్ కాంట్రాక్టు ఇవ్వాలంటే శాఖ అనుమతి రాతలో తీసుకుని ఇవ్వండి.

కమ్మీ డీలరు సెక్యూరిటీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అడుగుతున్నాడు.

ఇవ్వకుండా అప్పు పుట్టదని తెలుసు. ఇచ్చేటప్పుడు చెక్కు నంబర్లు, దేనికి ఇచ్చారో రాసి ఆయన సంతకం తీసుకోండి, బాకీ తీరిన రోజు చెక్కులు వెనక్కి తెచ్చుకోండి. చెక్కు బౌన్సయితే ఆ సమాచారం అందిన 30 రోజుల్లో ఆయన నోటీసు పంపాలి, అందుకున్నాక మీకు 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఆయన కేసు. ఆ 15 రోజుల్లో కట్టేస్తే కేసు ఉండదు. నోటీసు తీసుకోకుండా పోస్టుమ్యాన్‌ను తిప్పి పంపితే తప్పించుకోవచ్చనేది అపోహ.

ప్రైవేటు ఇంటికి అగ్రిమెంటులో ఏం రాయాలి?

తగాదా ఎప్పుడూ స్క్వేర్ ఫీట్ దగ్గరే మొదలవుతుంది. రేటు రాస్తారు, దేన్ని కొలుస్తారో రాయరు. బాల్కనీ సగమా పూర్తిగానా? మెట్ల మీది హెడ్ రూమ్ కలుస్తుందా? సంపు, కాంపౌండ్ గోడ, పైన ట్యాంకు లోపలా బయటా? సిమెంటు, కమ్మీ, టైల్సు ఏ రకం, టైల్సు అడుగు ఎంత ధర దాకా? బేస్‌మెంట్, లింటెల్, స్లాబు, ప్లాస్టరింగ్ దశల్లో ఎంతెంత, దశ అయిన ఎన్ని రోజుల్లో? ఇవి రెండు పేజీలు నింపుతాయి. మిగతా పది పేజీల పాత నమూనా ఎవరికీ అక్కర్లేదు.

యజమాని ప్లానులో లేని గది వేయమంటే, సెట్‌బ్యాక్‌లోకి రమ్మంటే రాతలో కాదనండి. ఇల్లు కట్టించి ఇవ్వడం కూడా 2019 వినియోగదారుల చట్టం కింద సేవే. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపుంటే ఆయన నేరుగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆ రోజు ‘మీరే కదా చెప్పారు’ అంటే చాలదు.

అపార్టుమెంట్లయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) వేరు. స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్లు ఎనిమిది దాటితే ప్రాజెక్టు రిజిస్టరు కావాలి, కట్టడంలో లోపాలకు ఐదేళ్లు ప్రమోటరు బాధ్యత. ఆయన ఆ ఐదేళ్లనూ మీ అగ్రిమెంటులోకి దింపుతాడు. ఆ క్లాజు చదివి రేటు చెప్పండి.

కొండ మీద పని వస్తే తేడా ఏమన్నా ఉంటుందా?

టెండరు కాగితం అదే తీరు. సామాను ఘాట్ రోడ్డు ఎక్కాలి, మనుషులు అలిపిరి తనిఖీ దాటాలి. బీడీ కట్ట జేబులో పెట్టుకొచ్చిన సెంట్రింగ్ మేస్త్రీని అక్కడే దింపేస్తే ఆ రోజు స్లాబు ఆగిపోతుంది. రవాణా, బస, ఆగిపోయే గంటలు లెక్కేసుకుని లెస్ వేయండి.

బిల్లు పాసై ఏడాదయింది, సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) కదలడం లేదు. ఎన్నాళ్లు ఆగొచ్చు?

చేసిన పని డబ్బుకు దావా వేయడానికి మూడేళ్లు. ఆ మూడేళ్ల లోపు బాకీ ఉందని అధికారి సంతకంతో లెటరు ఇస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. కాబట్టి ఊరికే తిరగకుండా ‘మా బిల్లు ఎంత పెండింగో తెలుపగలరు’ అని రాసి జవాబు సంపాదించండి. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, మూడేళ్ల లెక్క వేసుకునేటప్పుడు దీన్ని మరిచిపోకండి. మొత్తం మీద తగాదా లేకుండా డబ్బు ఇవ్వడమే ఆగితే హైకోర్టులో రిట్ వేసేవాళ్లూ ఉన్నారు.

ఉద్యమ్ (చిన్న, మధ్యతరహా సంస్థల) రిజిస్ట్రేషన్ పని మొదలుపెట్టకముందే చేయించుకోండి. ఎంఎస్‌ఎంఈ చట్టంలో 45 రోజుల గడువు, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఉన్నాయి. వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో రెండు రకాల తీర్పులున్నాయి కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మీ ఆఫీసుకు వచ్చేటప్పుడు ఏం తేవాలి?

పాన్, ఆధార్, మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీఎస్టీ ఉంటే లాగిన్, చేసిన పనుల సర్టిఫికెట్లు ఒరిజినల్స్, సాల్వెన్సీ. పార్ట్‌నర్లయితే ఇద్దరూ రండి, ఒకాయన వచ్చి ‘మా అన్న ఒప్పుకుంటాడు’ అంటే నేను రాయను. డీఎస్సీ టోకెన్ మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.